కొట్టివేతల చరిత్ర: కవిలె నుండి కంప్యూటరు దాకా

మాది రొంపిచెర్ల. పల్నాటి రొంపిచెర్ల అని విడమరచి చెప్పడం నాకు చిరకాలంగా అలవాటు. చిత్తూరు సీమలో మరొక రొంపిచెర్ల ఉన్నది. అదీ మండల కేంద్రమే. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నా పేర వచ్చిన ఉత్తరాలు ఒకటి రెండు అటు పోయి, పిన్‌కోడు చూచిన పుణ్యాత్ముడెవరో దారి మళ్ళించగా ఆలస్యంగా నన్ను చేరాయి. పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదన్న పాఠం అప్పుడే తెలిసింది. అదే పాఠాన్ని అరవై దాటిన తరువాత కంప్యూటరు ముందు కూర్చుని మళ్ళీ నేర్చుకోవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఒకసారి వ్రాసిపెట్టిన దానిని తరువాత మార్చడం ఎట్లా అన్నది ఈ టపాలోని విషయం. చిన్నదిగా కనిపిస్తుంది గాని, మన గ్రామాల్లో భూమి ఎవరిదో తేల్చేది ఈ చిన్న విషయమే.

ముందుగా నాకు తెలిసిన శాస్త్రంతో మొదలుపెడతాను. వ్యాకరణ పాఠంలో పిల్లలకు మూడు మాటలు చెప్పేవాణ్ణి: ఆగమం, ఆదేశం, లోపం. 'మా + అమ్మ' కలిసి 'మాయమ్మ' అయినప్పుడు యకారం క్రొత్తగా వచ్చి నడుమ చేరింది, ఎవరినీ వెళ్ళగొట్టలేదు. అది ఆగమం. 'వాడు + కొట్టె' అన్నది 'వాడు గొట్టె' అయినప్పుడు కకారం పోయి ఆ చోట గకారం కూర్చున్నది. అది ఆదేశం. 'రాముడు + అతడు' అన్నది 'రాముడతడు' అయినప్పుడు ఉకారం ఊరకే పోయింది. అది లోపం. ఆగమం మిత్రునివలె వచ్చి చేరుతుందనీ, ఆదేశం శత్రువువలె ఉన్నవానిని త్రోసి కూర్చుంటుందనీ మా గురువులు చెప్పేవారు. కంప్యూటరువారి డేటాబేసులో ఉన్న ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ అన్న మూడు ఆజ్ఞలూ సరిగ్గా ఈ మూడే. నా పూర్వవిద్యార్థి ఒకడు నాకిది వివరిస్తున్నప్పుడు నేను ముందే అందుకుని మూడు పేర్లూ చెబితే, "మాస్టారూ, ఇది మీకెట్లా తెలుసు?" అని ఆశ్చర్యపోయాడు.

వ్యాకరణంలో మరొక సూక్ష్మం ఉన్నది. ఆదేశం రావడానికి ముందు ఆ చోట ఉన్న వర్ణానికి 'స్థాని' అని పేరు. ఆదేశాన్ని స్థానితో సమానంగానే చూడవలెనని, కొన్ని మినహాయింపులతో, పాణిని విధించాడు. గకారం కూర్చున్నా 'గొట్టె' వెనుక 'కొట్టు' ఉన్నదని వైయాకరణుడు మరచిపోడు. శత్రువు వచ్చి కూర్చున్నాడు సరే, ముందున్నవాడెవరో లెక్కలో ఉన్నది. ఈ ఒక్క మాటను గుర్తుపెట్టుకుని చరిత్రలోకి వెళ్దాం.

పూర్వం దేవాలయాల ముందు నిలిపిన శాసనస్తంభాలు చూడండి. ఒక రాజు భూమి దానమిచ్చి రాతి మీద చెక్కించాడు. తరువాత మరొకడు అదే దేవునికి మరికొంత ఇస్తే, స్తంభం రెండవ ముఖాన మరొక శాసనం చెక్కించేవాడు, లేదా వేరే రాయి నిలిపేవాడు. ఉన్న అక్షరాన్ని దిద్దే పద్ధతి లేదు. పైగా ఆ దానాన్ని హరించినవాడికి ఏ పాపం చుట్టుకుంటుందో చివర శాపశ్లోకాలు ఉండేవి. అంటే రాతిలో ఉన్నదంతా ఆగమమే. ఆదేశానికి చోటు లేదు.

తాటాకు దగ్గరకు వచ్చేసరికి కొంచెం సడలింపు. గంటంతో గీసిన గీతను చెరపడం కష్టం. తప్పు పోతే దాని మీద అడ్డగీత గీసి ప్రక్కన సరైనది వ్రాసేవారు. అడ్డగీత క్రింద పాత అక్షరం కనబడుతూనే ఉంటుంది. గ్రామ లెక్కల తాటాకు కట్టలనే కవిలెలన్నారు. ఊరి పూర్వోత్తరాలు ఉన్నవాటిని దండకవిలెలన్నారు. పంతొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) మన ఊళ్ళ చరిత్రను సేకరించినప్పుడు, ఆయనకు తెలుగు రాదు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆయనకూ కరణాలకూ నడుమ నిలిచి ఆ పని సాగించారు. 1803లో బొర్రయ్య చనిపోయిన తరువాత లక్ష్మయ్య ఆ బాధ్యత మోశాడు. అట్లా తయారైనవే కైఫీయతులు. గుంటూరు ప్రాంతపు కైఫీయతులు చదివినవారికి తెలుసు: రెడ్డిరాజులు, గజపతులు, విజయనగర ప్రభువులు, గోల్కొండ నవాబులు ఒకరి తరువాత ఒకరు వరుసగా వస్తారు. కొండవీడు 1515లో శ్రీకృష్ణదేవరాయల చేతికి వచ్చినా, అంతకు ముందు ఎవరిదో కవిలె మరువలేదు.

ఇక్కడ కడితం సంగతి తప్పక చెప్పవలె. గుడ్డకు బొగ్గుపొడి, చింతగింజల అంబలి పట్టించి ఆరబెట్టి, మడతలు వేసిన పుస్తకమది. దానిమీద బలపంతో వ్రాసేవారు. నల్లని పుట మీద తెల్లని అక్షరం. తుడిస్తే పోతుంది, మళ్ళీ వ్రాయవచ్చు. రోజువారీ పద్దులకు, వర్తకులకు, కరణాలకు ఇది ఎంతో వీలు. కన్నడంలో దఫ్తరాన్ని నేటికీ 'కడత' అనే అంటారు. మన దేశంలో కంప్యూటరు డేటాబేసుకు పూర్వరూపం ఏదని ఎవరైనా అడిగితే నేను కడితాన్ని చూపిస్తాను. తుడిచినచోట ముందేమున్నదో కడితం చెప్పలేదు. వ్రాసేవాడు మంచివాడైతే లెక్క నిలుస్తుంది, కాకపోతే పోతుంది. కరణాన్ని గురించి మన శతకాలలోనూ సామెతలలోనూ అంత అనుమానం కనబడడానికి ఇదీ ఒక కారణం అయి ఉంటుందని నా ఊహ.

ఆంగ్లేయుల పాలనలో సర్వే, సెటిల్‌మెంటు వచ్చాయి. వారు చేసిన మార్పులలో భాషాపండితుడినైన నాకు ఆశ్చర్యం కలిగించేది ఒకటి ఉన్నది. అప్పటిదాకా పొలాలకు పేర్లు ఉండేవి: చింతమాను చేను, దిగుడుబావి చెలక, పోతురాజు గట్టు. సర్వేవారు పేర్లను ప్రక్కకు పెట్టి ప్రతి చేనుకు ఒక అంకె ఇచ్చారు. చింతమాను కొట్టివేసినా, చేను చేతులు మారినా ఆ అంకె మారదు. అన్నదమ్ములు పంచుకుంటే 112 అన్న నంబరు 112/1, 112/2 అవుతుంది. మళ్ళీ విడిపోతే 112/2ఎ, 112/2బి అవుతుంది. పిల్ల నంబరును చూడగానే తల్లి నంబరు తెలుస్తుంది. స్థానిని మరువని ఆదేశమంటే ఇదే. చేని కొలతలకు ఎఫ్.ఎం.బి., సాగు వివరాలకు అడంగల్, పట్టాదారువారీ లెక్కకు చిట్టా ఉండేవి. అడంగల్ ఏ ఫసలీకి ఆ ఫసలీ క్రొత్తగా వ్రాయవలసిందే. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన క్రీస్తుశకం వస్తుంది. జూలై 1న ఫసలీ మారుతుంది. పోయిన ఏటి అడంగల్ కట్టలో భద్రంగా ఉండగా ఈ ఏటిది మొదలవుతుంది. ఏడాదికొకసారి జమాబందీలో పై అధికారి లెక్కలు తనిఖీ చేసేవాడు. కరణం పేరు కొట్టివేస్తే అడ్డగీత, ప్రక్కన ఏ ఉత్తర్వు ప్రకారమో నంబరు, తేదీ, పొడి సంతకం ఉండవలె. ఉండవలె అంటున్నాను, అన్నిచోట్లా ఉండేవని అనడం లేదు.

మా ప్రాంతంలో రికార్డులు పెద్దయెత్తున మారిన సందర్భం నీళ్ళతో వచ్చింది. నాగార్జునసాగరానికి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ క్రింద పల్నాటి మెట్ట చేలు మాగాణులవుతూ వచ్చాయి. చేను అదే, నంబరు అదే, విస్తీర్ణం అదే. తరగతి ఒక్కటే మారింది. ఒక వరుసలో ఒక్క గడిని మాత్రమే మార్చి తక్కినవి ముట్టుకోకపోవడం అప్పటి కరణాలకు నిత్యకృత్యం. ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది.

1971లో ఆంధ్రప్రదేశ్ భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చింది. ఆ చట్టపు 5వ సెక్షను శీర్షికలోనే హక్కుల రికార్డును సవరించడం, తాజాపరచడం అన్న మాటలున్నాయి. రికార్డులో పేరున్నవారికీ, ఆ మార్పు వల్ల నష్టపోగలవారికీ వ్రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, వారి మాట విన్న తరువాతనే మార్చవలెనన్నది దాని సారాంశం. నోటీసును గ్రామంలో ప్రకటిస్తే చాలదు, రికార్డులో పేరున్న వ్యక్తికి స్వయంగా అందించవలెనని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనం తేల్చింది. మన దేశంలో ఒక వరుసను మార్చే పద్ధతిని ఇంత శ్రద్ధగా చెప్పిన శాసనం ఇది. స్థానిని త్రోయబోయే ముందు స్థానిని పిలిచి అడగమన్నది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రొంపిచెర్ల మండలమయినది అప్పుడే. వంశపారంపర్యపు పెత్తనం పోవడం మంచిదే. ఒకరి ఇంటి అటకమీద ఊరి లెక్కలన్నీ ఉండడం, చూడవలెనంటే వారి గడప ముందు చేతులు కట్టుకు నిలబడవలసి రావడం ఎంతటి అవమానమో మా తరం వారికి తెలుసు. అయితే కట్టలు చేతులు మారేటప్పుడు అన్నీ భద్రంగా మారలేదు. తరువాత 1998లో రిజిస్ట్రేషను కార్యాలయాలకు 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. రెవెన్యూ లెక్కలు వెబ్‌ల్యాండులోకి ఎక్కాయి. 2015లో మీభూమి వచ్చి ఎవరి అడంగల్ వారు ఇంట్లో కూర్చుని చూచుకునే రోజు వచ్చింది. కరణంగారి గడప ముందు నిలబడినవాడి మనుమడు ఫోనులో తన 1-బి చూచుకుంటున్నాడు. ఈ మేలును తక్కువ చేసేవాణ్ణి కాను.

ఇప్పుడు కంప్యూటరు లోపలికి వెళ్దాం. 1970లో ఐబీఎమ్ సంస్థలోని ఎడ్గార్ కాడ్ అనే గణితజ్ఞుడు సమాచారాన్ని పట్టికలుగా, వరుసలుగా, గడులుగా ఉంచే సిద్ధాంతం ప్రతిపాదించాడు. ప్రతి వరుసకూ దానిని మాత్రమే పట్టి ఇచ్చే తాళంచెవి ఒకటి ఉండవలె. దానినే ప్రైమరీ కీ అంటారు. పొలానికి సర్వే నంబరు ఎట్లాగో ఇది అట్లాగ. ఇద్దరు రొంపిచెర్లలను వేరు చేసే పిన్‌కోడు వంటిది. ఆ పట్టికలతో మాట్లాడే భాష తరువాత ఎస్.క్యు.ఎల్. అయింది. అందులో అప్‌డేట్ అన్న క్రియ ఫలానా పట్టికలో, ఫలానా తాళంచెవి గల వరుసలో, ఫలానా గడిని ఇట్లా మార్చు అంటుంది. మార్చిన తరువాత పాత విలువ ఆ గడిలో ఉండదు. అది కడితం.

ఈ ప్రమాదాన్ని ఆ శాస్త్రజ్ఞులే గుర్తించారు. లావాదేవీల సిద్ధాంతానికి మూలపురుషులలో ఒకడైన జిమ్ గ్రే 1981లో వ్రాసిన పత్రంలో, మట్టిపలకలూ కాగితాలూ ఉన్న రోజుల్లో లెక్కలు వ్రాసేవారు పుస్తకంలోని అంకెను ఎన్నడూ చెరిపేవారు కారనీ, తప్పు పోతే దానిని సరిదిద్దే మరొక పద్దు వ్రాసేవారనీ గుర్తుచేశాడు. ఉన్నచోటనే మార్చివేయడాన్ని విషపు ఆపిల్‌పండుతో పోల్చి అనుమానించాడు. కంప్యూటరు పితామహుడొకడు మన కరణంగారి అడ్డగీతను సమర్థించినట్లు నాకు అనిపించింది.

తరువాతి కాలంలో ప్రోగ్రాములు వ్రాసేవారు తమ భాషలో ప్రతిదానినీ ఒక 'వస్తువు'గా భావించి వ్రాయసాగారు. రైతు ఒక వస్తువు, ఖాతా ఒక వస్తువు. డేటాబేసుకేమో పట్టికలు, వరుసలు తప్ప మరేమీ తెలియదు. ఈ ఇద్దరికీ నడుమ నిలిచే దుబాసీయే ఓ.ఆర్.ఎం. మెకంజీకీ కరణాలకూ నడుమ కావలి సోదరులు ఎట్లాగో ఇదీ అంతే. జావా భాషకు 2001లో గావిన్ కింగ్ మొదలుపెట్టిన హైబర్నేట్, రూబీకి 2004లో వచ్చిన రైల్స్‌లోని యాక్టివ్ రికార్డ్, పైథాన్‌కు 2005లో విడుదలైన జాంగో ఇటువంటివే. మార్టిన్ ఫౌలర్ 2002లో వచ్చిన తన గ్రంథంలో ఈ పద్ధతులకు పేర్లు పెట్టి వర్గీకరించాడు. ప్రోగ్రామరు వరుసను వస్తువుగా తెప్పించుకుంటాడు, దాని గుణాన్ని మారుస్తాడు, సేవ్ అంటాడు. దుబాసీ దానిని అప్‌డేట్ ఆజ్ఞగా తర్జుమా చేసి డేటాబేసుకు వినిపిస్తాడు. ఎంతో సుఖం. అయితే దుబాసీ ఏమి తర్జుమా చేశాడో మనం వినం.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. చాలా ఏళ్ళుగా పల్నాటి సేద్యపు మాటలు సేకరిస్తున్నాను: గొర్రు, గుంటక, మేడి, జడ్డిగం వంటివి. ఆ విద్యార్థే వాటి కోసం జాంగోతో ఒక చిన్న ప్రోగ్రాము చేసిపెట్టాడు. దానితో నేను చేసిన తప్పులు నాలుగు. ప్రతి తప్పూ ఒక పాఠం.

మొదటిది. అతడు నేర్పిన విధంగా ఒక మాటను తెప్పించి, అర్థం దిద్ది, సేవ్ అనకుండానే భోజనానికి లేచాను. కరెంటు పోయింది. దిద్దుబాటూ పోయింది. తెప్పించుకున్న వస్తువు కంప్యూటరు జ్ఞాపకంలో ఉన్న నకలు మాత్రమే. దానిని మార్చితే మూలం మారదు. మనసులో దిద్దుకున్న పద్యం కాగితం మీద పడనట్లే.

రెండవది. నేను పట్టుబట్టడం వల్ల మాటనే తాళంచెవిగా పెట్టాడు. 'జెడ్డిగం' అని తప్పుగా ఎక్కించినదాన్ని 'జడ్డిగం' అని దిద్ది సేవ్ అన్నాను. చూస్తే పట్టికలో రెండూ ఉన్నాయి. సేవ్ అన్నప్పుడు జాంగో ఆ తాళంచెవి గల వరుసకోసం వెదుకుతుంది. ఉంటే మారుస్తుంది, లేకపోతే క్రొత్త వరుస చేరుస్తుంది. నేను తాళంచెవినే మార్చాను గనుక అది క్రొత్త మాట అనుకున్నది. ఆదేశం కావలసినది ఆగమమయింది. పొలానికి పేరు కాక అంకె ఎందుకిచ్చారో నాకప్పుడు బోధపడింది.

మూడవది. ఒకే మాటను నేను ఒక చోట, నా మనుమరాలు మరొక చోట తెరిచాము. ఆమె ఆ మాట ఏ ఊళ్ళో విన్నదో నింపి సేవ్ చేసింది. నేను అర్థం దిద్ది ఆ తరువాత సేవ్ చేశాను. ఆమె నింపిన గడి ఖాళీ అయింది. నేను తెరిచినప్పుడు ఆ గడి ఖాళీగా ఉన్నది. నా సేవ్ ఒక్క అర్థాన్నే కాక, వరుసలోని గడులన్నింటినీ నా దగ్గరున్న పాత విలువలతో మళ్ళీ వ్రాసింది. మెట్టను మాగాణి చేసే కరణం పట్టాదారు పేరును కూడా జ్ఞాపకం మీద తిరిగి వ్రాసినట్లయింది. దీనికి విరుగుళ్ళు ఉన్నాయి. మారిన గడిని మాత్రమే వ్రాయమని జాంగోకు చెప్పవచ్చు. లేదా ప్రతి వరుసకూ ఒక సంచిక సంఖ్య ఉంచి, నేను తెరిచిన సంచిక ఇంకా అదే అయితేనే నా మార్పును అనుమతించవచ్చు. హైబర్నేట్‌లోనూ రైల్స్‌లోనూ ఈ ఏర్పాటు ఉన్నది.

నాలుగవదే పెద్ద తప్పు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. నా పట్టికలో 'గుంటూరు జిల్లా' అని ఉన్నచోటల్లా 'పల్నాడు జిల్లా' అని మార్చాలనిపించింది. ఒక్కొక్కటీ తెరవడమెందుకని ఒకే ఆజ్ఞతో అన్నింటినీ మార్చాను. రెప్పపాటులో అయిపోయింది. కాని తెనాలి వైపు మిత్రులు పంపిన మాటలు కూడా నా పట్టికలో ఉన్నాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఏది తెనాలి మాటో, ఏది మాచెర్ల మాటో పట్టిక ఇక చెప్పలేదు. మార్పుల చరిత్రను వ్రాసిపెట్టే ఏర్పాటు ఒకటి అతడు ముందే చేశాడు. కాని అది ఒక్కొక్క వస్తువును సేవ్ చేసినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. జాంగోలో మూకుమ్మడి అప్‌డేట్ ఆ దారిన పోదు; నేరుగా డేటాబేసుకు పోతుంది. చరిత్ర పుస్తకంలో అక్షరం పడలేదు. చివరికి నా పాత నోటుపుస్తకాలు ముందు వేసుకుని, ఒక్కొక్క మాటకూ ఊరు వెదికి దిద్దుకున్నాను. నెల పట్టింది.

మాటల పట్టిక కాబట్టి నవ్వుకున్నాను. ఇదే పొరపాటు భూమి పట్టికలో జరిగితే?

మా అమ్మగారికి పసుపుకుంకుమల క్రింద పుట్టింటివారు ఎకరా ఇరవై సెంట్లు ఇచ్చారు. ఆమె కాలం చేసిన తరువాత నా చెల్లెలి పేర మార్పించబోతే, కంప్యూటరులో ఆ భూమి మరొకరి ఖాతాలో కనబడింది. అదే ఇంటిపేరు, ఇంచుమించు అదే పేరు గల మరొక స్త్రీ. సబ్‌డివిజను నంబరు చివర ఉండవలసిన 'ఎ' అక్షరం లేదు. ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, ఏ ఉత్తర్వు మీద మార్చారు అని అడిగితే, "సిస్టమ్‌లో ఇట్లాగే ఉన్నదండీ" అన్న సమాధానం తప్ప మరొకటి రాలేదు. అబద్ధం చెప్పారని అనను. తెర మీద అంతకన్నా ఏమీ లేదు. ఆ రెండవ ఆమె కూడా మోసగత్తె కాదు. తన ఖాతాలో ఎక్కువ భూమి ఉన్నదని ఆమెకే తెలియదు.

మా నాన్నగారి పెట్టెలో ఫసలీ 1388, అంటే 1978–79, నాటి అడంగల్ నకలు దొరికింది. అందులో మా తాతగారి పేరు మీద అడ్డగీత, దానిపైన ఎర్రసిరాతో మా అమ్మగారి పేరు, ప్రక్కన ఉత్తర్వు నంబరు, తేదీ, పొడి సంతకం. ఆ అడ్డగీతే మమ్మల్ని కాపాడింది. శుభ్రంగా తిరగవ్రాసిన నకలైతే అమ్మ పేరు మాత్రమే కనబడి, ఆమెకు ఎవరి నుండి, దేని మూలంగా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఉండేది కాదు. పధ్నాలుగు నెలలు తిరిగిన తరువాత రికార్డు సరి అయింది. ఈలోగా చెల్లెలికి ఆ భూమి మీద పంటరుణం పుట్టలేదు. ఒక సేద్యం కౌలుదారుకు వడ్డీ అప్పుతోనే గడిచింది.

పొరుగున తెలంగాణంలో 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినప్పుడు, పాత పహాణీలో ఉండే అనుభవదారు గడి లేకుండా పోయిందని రైతులు, న్యాయవాదులు చేసిన చర్చ మీలో చాలామంది చదివే ఉంటారు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానంలో క్రొత్త ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. తాళంచెవులే మారాయన్నమాట. ఏ పాత నంబరు ఏ క్రొత్త నంబరయిందో చెప్పే పట్టిక ప్రతి రైతు చేతిలో ఉంటే భయం లేదు. లేకపోతే 'జెడ్డిగం, జడ్డిగం' కథ పొలాల్లో జరుగుతుంది.

నా విద్యార్థిని అడిగాను: పాత విలువను నిలుపుకుంటూ మార్చడం కష్టమా అని. "కష్టం కాదు మాస్టారూ. ప్రతి మార్పుకూ ముందున్నది, తరువాతిది, మార్చినవారి పేరు, సమయం, ఆధారం వేరే పట్టికలో వ్రాసిపెట్టవచ్చు. ప్రోగ్రామును తప్పించుకుని పోయే మార్పులు కూడా అందులో పడేట్లు డేటాబేసులోనే ఏర్పాటు చేయవచ్చు. అడిగేవారుండాలి" అన్నాడు. అడగవలసినది మనమే. మార్పు జరిగితే నోటీసు ఇవ్వమని చట్టం ఎన్నడో చెప్పింది. ఆ మార్పు వెనుక ఎవరున్నారో పౌరుడు చూడగలిగే చోట చూపమని అడగడం అత్యాశ కాదు. ముందున్నది దాచి ఉంచినంత మాత్రాన చాలదు, చూపవలె కూడా. కరణంగారి ఇంట్లో అడ్డగీత ఉన్నది గాని జనానికి చూపు లేదు. నేటి తెర మీద చూపు ఉన్నది గాని మా విషయంలో అడ్డగీత కనబడలేదు. రెండూ ఒకచోట చేరడమే నేను కోరుకునేది.

నా మాటల పట్టికలో ఆ ఏర్పాటు చేయించుకున్నాను. ఇప్పుడు 'జడ్డిగం' తెరిస్తే క్రింద చిన్న అక్షరాలలో 'జెడ్డిగం' కనబడుతుంది. నా తప్పు నా మనుమలకు కూడా తెలిసేట్లు అక్కడ ఉన్నది, ఉండనీయండి.

మిత్రులకు రెండు విన్నపాలు. మీ ఇళ్ళలో పాత అడంగళ్ళు, పన్ను రసీదులు, చిట్టా నకళ్ళు ఉంటే, ఆన్‌లైనులో ఉన్నది గదా అని పారవేయకండి. అలాగే మీ ప్రాంతంలో కొట్టివేతకు, దిద్దుబాటుకు, కడితానికి ఏ మాటలు వాడేవారో తెలిస్తే ఊరి పేరుతో సహా తెలియజేయండి. ఊరి పేరు మాత్రం మరువకండి. తెనాలి మిత్రుల దగ్గర ఇంకా తలవంపుగా ఉన్నది.

శెలవు.